మంచు చరియల ఆఫీసరు పెళ్లి

తుమ్మెదగెడ్డలో చలి ఉంది. పొగమంచు ఉంది. ఆ పొగమంచులో ఫొటోలు దిగడానికి పట్నం నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా గడ్డమంచు. హిమాలయాల్లో మాదిరి కొండవాలున గుట్టలుగా పేరుకుని, ఒకనాడు పెళ్లున విరిగి కిందున్నవాళ్లని కప్పెట్టేసే మంచుని ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లెవరూ చూడలేదు. వాళ్ల తాతలూ చూడలేదు. అయినా ఒక కార్తీకమాసంలో ఆ ఊరికి మంచు చరియల ప్రమాద హెచ్చరిక విభాగం మంజూరైంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎక్కడో ఉత్తరాది కొండల్లో మంచు చరియలు విరిగిపడ్డాయి. పేపర్లలో వచ్చింది. పైవాళ్లు కలవరపడి, సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైనున్న ప్రతి మండలంలోనూ ఇలాంటి విభాగం ఒకటి ఉండి తీరాలని నిబంధన పెట్టారు. అక్కడ మంచు పడుతుందా అని నిబంధన అడగలేదు, ఎత్తు ఎంత అని మాత్రమే అడిగింది. తుమ్మెదగెడ్డ మూడు వేల అడుగుల మీద ఒక తాటిచెట్టంత ఎక్కువ ఉంది.

మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు గొర్లె సన్యాసినాయుడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. మన ఆఫీసుల్లో కొత్త బరువేదైనా వస్తే అది సెలవులో ఉన్నవాడి నెత్తిమీదే దిగుతుంది. ఇది ఎవరూ రాయని నిబంధన, అందుకే ఎవరూ తప్పరు. సన్యాసినాయుడు విజయనగరం వెళ్లి, వాళ్లమ్మని ఒప్పించి, మొహం వెలిగిపోతూ కొండెక్కి వచ్చేసరికి అతని గది గుమ్మానికి కొత్త బోర్డు వేలాడుతోంది. కింద 'విభాగాధికారి' అని అతని హోదా.

వాళ్లమ్మని ఒప్పించింది పెళ్లికి. ముప్పయ్యారేళ్లొచ్చినా అతనికి పెళ్లి కాలేదు. సన్యాసి అని పేరు పెట్టి సంబంధాలు వెతికితే ఏం దొరుకుతాయని ఊళ్లోవాళ్లు వెటకారం చేసేవాళ్లు. ఈ కొండమీదికి బదిలీ అయ్యాక ఒకరోజు కుక్క కరిచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇంజక్షన్లకి వెళ్లాడు. ఇంజక్షన్లు వేసిన నర్సు కిల్లో సుభద్ర. ఇంజక్షన్లు అయిపోయాయి గానీ సన్యాసినాయుడు వెళ్లడం మానలేదు. చివరికి ఆమే, "కుక్క కరిచిందని ఇంకెన్నాళ్లొస్తారండీ? కుక్క కూడా మర్చిపోయుంటాది" అంది. ఆ మాటతో సంగతి తేలిపోయింది. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు.

అటెండరు దాలయ్య కొత్త విభాగానికి వచ్చిన సామాను చూపించాడు. మంచులో జారే చెక్కలు రెండు జతలు, మంచు తవ్వే పార, మంచుకింద మనిషిని పొడిచి వెతికే పొడుగాటి చువ్వ, ఒక పెద్ద బొచ్చుకుక్క. కుక్క చలిదేశం జాతిది. ఆఫీసులో ఒక్కటే ఫ్యానుంది, కుక్క దాని కిందనుంచి లేవనంటోంది.

"కుక్కకి కూడా హోదా ఉందండి బాబూ. రక్షక జాగిలం" అన్నాడు దాలయ్య. "దానికి దినబత్తెం నాకంటే ఎక్కువొస్తంది. నానైతే దాన్ని మీరు అనే పిలస్తన్నాను."

సన్యాసినాయుడి పని చిన్నది. రోజూ పొద్దున్నే కంప్యూటర్లో ప్రమాద స్థాయి పంపాలి. ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలు, ఒక్కోదానికో రంగు. ఆకుపచ్చతో మొదలై నలుపు దగ్గర ఆగుతుంది. మొదటిరోజు అతను నిజాయితీగా మంచు మందం అన్నచోట సున్నా కొట్టాడు. కంప్యూటరు సున్నా తీసుకోలేదు. ఖాళీగా వదిలాడు. ఖాళీ తీసుకుంది. పోనీలే, దానికి ఏది ఇష్టమైతే అదే పెడదామనుకుని రోజూ ఖాళీ పంపాడు.

వారం తిరిగేసరికి తుమ్మెదగెడ్డ దానంతటదే ఆకుపచ్చ నుంచి పసుపులోకి వెళ్లింది. మరో వారానికి నారింజ. సన్యాసినాయుడు హడలిపోయి జిల్లా కేంద్రంలో ఉన్న జాయింట్ డైరెక్టరు ప్రభంజనరావుకి ఫోను చేశాడు.

ప్రభంజనరావు ఆ జిల్లాలో మంచు చూసిన ఏకైక అధికారి. శిక్షణ కోసం హిమాలయాలకి వెళ్లాడు. వెళ్లగానే జలుబు చేసి హోటల్ గదిలోనే ఉండిపోయాడు గానీ, కిటికీలోంచి మంచు స్పష్టంగా కనబడేదట. అప్పటినుంచి ఎండాకాలంలో కూడా ఉన్ని కోటు విప్పడు.

"సార్, ఇక్కడ మంచు లేదండి. అయినా ప్రమాదం పెరిగిపోతోంది."

"మంచు లేదని ఎలా చెప్పగలిగారు? కొలిచారా?"

"లేనిదాన్ని ఎలా కొలుస్తామండి?"

"కొలవకుండానే లేదని నిర్ధారణకు వచ్చారన్నమాట! చూడండి నాయుడూ, మంచు ఎంత ఉందో తెలిసిన చోట ప్రమాదం కొంత. మంచు ఎంత ఉందో తెలియని చోట ప్రమాదం అనంతం. సమాచారం రాని పక్షమున నాలుగో స్థాయి దాకా వారమునకు ఒక స్థాయి చొప్పున పెంచవలెనని అందుకే పెట్టారు. శాస్త్రీయం!"

"స్థాయి తగ్గాలంటే ఏం చెయ్యాలండి?"

"మంచును తవ్వి, పొరలు పరీక్షించి, స్థిరంగా ఉన్నదని ధ్రువీకరించవలెను. అది తప్ప మార్గాంతరము లేదు."

"మంచు లేకపోతేనో?"

ప్రభంజనరావు గొంతు తగ్గించి, బిడ్డకి బుద్ధి చెప్పే తండ్రిలా అన్నాడు. "విభాగం ఉన్న చోట మంచు లేదనడం విభాగమును శంకించడం. మీకు ఇంకా సర్వీసుంది. ఆలోచించుకోండి."

సన్యాసినాయుడు ఆలోచించుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, పిరికివాడు కూడా కాదు. అయితే పదమూడేళ్లుగా పైనుంచి వచ్చిన కాగితానికి 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపిన చెయ్యి అతనిది. అలవాటుపడిన చెయ్యి మనిషి మాట వినదు.

నాలుగో స్థాయి, అంటే ఎరుపు, వచ్చినరోజున ఆంక్షలు మొదలయ్యాయి. పెద్ద శబ్దానికి మంచు చరియలు విరిగిపడతాయని ప్రభంజనరావు నమ్మకం. అలా విరిగిపడవని తెలిసినవాళ్లు ఎక్కడైనా ఉండొచ్చు, జిల్లా కేంద్రంలో మాత్రం లేరు. 'మండల పరిధిలో సాధారణ సంభాషణకు మించిన ధ్వని ఏదియు ఉత్పత్తి చేయరాదు' అని ఉత్తర్వు దిగింది. దాని అమలు బాధ్యత విభాగాధికారిది.

మొదట ఘాట్ రోడ్డు మీద బస్సు హారన్ ఆపేశారు. మలుపుల్లో హారన్ లేకుండా ఎలాగని డ్రైవరు అడిగితే, కండక్టరుని దించి ముందు నడిపించమన్నారు. కండక్టరు మలుపు మలుపుకీ దిగి, అవతల ఎవరైనా వస్తున్నారేమో తొంగిచూసి, వేలు ఊపేవాడు. గంట ప్రయాణం ఒక పూట పట్టింది. కండక్టరు మాత్రం నెల్లో బాగా సన్నబడి ఆరోగ్యంగా తయారయ్యాడు.

బళ్లో గంట కొట్టడం మానేశారు. ఎక్కాలు మనసులో చదువుకోవాలి. పంతులు కర్ర ఎత్తితే రెండో ఎక్కం, దించితే మూడోది. తప్పు చదువుతున్నారో ఒప్పు చదువుతున్నారో తెలిసే వీల్లేక పిల్లలందరూ ఆ ఏడు లెక్కల్లో పాసయ్యారు.

గురువారం సంత చూసి తీరాల్సిందే. పసుపు, మిరియాలు, రాజ్మా, కోళ్లు, కొండచీపుళ్లు పోసుకుని కూచున్న ఆడవాళ్లు బేరాలన్నీ చెవిలో చెప్పుకునేవారు. గుసగుసగా బేరమాడితే రేటు తగ్గించమనడానికి మొహమాటంగా ఉంటుందని కొనేవాళ్లు అడిగినంతా ఇచ్చేసేవారు. కోడిపుంజుల ముక్కులకి అరటినార కట్టారు. ఒక పుంజు నార తెంపుకుని సంత నడిమధ్య గొంతెత్తి కూసింది. దాలయ్య దాన్ని నిబంధనల ప్రకారం స్వాధీనం చేసుకున్నాడు. సాయంత్రానికి అది ఏమైందో ఆఫీసు రికార్డుల్లో లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత జిల్లా కేంద్రం నుంచి ఒక మెమో వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నవజాత శిశువులు పరిమితికి మించిన ధ్వనితో రోదించుచున్నట్లు సమాచారం కలదనీ, బాధ్యులైన సిబ్బంది నుంచి సంజాయిషీ తీసుకోవాలనీ దాని సారాంశం. సన్యాసినాయుడు దాని మీద అలవాటు చొప్పున 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపేశాడు. ఎవరికి పంపాడో పంపాక తట్టింది.

సుభద్ర ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నమే వచ్చింది. గుమ్మంలో నిలబడి, కుక్కనీ ఫ్యాన్నీ అతన్నీ వరసగా చూసింది.

"ఏటండీ ఇది?"

"పైనుంచి వచ్చింది" అన్నాడు సన్యాసినాయుడు చిన్నగొంతుతో. చిన్నగొంతు నిబంధనకి తగ్గట్టే ఉంది.

"పుట్టిన పిల్ల ఏడవాలండీ. ఏడవకపోతే మేం తిరగేసి పట్టుకుని, తట్టి మరీ ఏడిపిస్తాం. ఆ ఏడుపు కోసమే తల్లి అన్ని నొప్పులూ పడతాది. ఆ ఏడుపుకి నన్ను సంజాయిషీ అడుగుతారా?"

"నేను అడగలేదు సుభద్రా. విభాగం అడిగింది."

"రేపు మనకి పిల్ల పుడితే?"

సన్యాసినాయుడు ఆ మాటకి సిగ్గుపడాలో భయపడాలో తేల్చుకోలేక రెండూ పడ్డాడు.

"పిల్ల సంగతి తర్వాత" అంది ఆమె కుర్చీ లాక్కుని కూచుంటూ. "ముందు పెళ్లుండాలి కదా. మామ్మ మిమ్మల్ని రమ్మంటోంది."

సోంబారి మామ్మ సుభద్రకి నాన్నమ్మ. తల్లీ తండ్రీ లేని పిల్లని పెంచింది ఆవిడే. ఇంటిముందు అరుగుమీద చుట్ట కాలుస్తూ కూచుంది. ఆవిడకి చెవుడు లేదు, ఉత్తర్వులంటే లెక్కా లేదు. అందుకని మామూలుగానే మాట్లాడింది. మామూలుగా అంటే పక్క ఊరికి వినబడేలా.

"ఏటి బాబూ, పెల్లిలో తుడుం వాయించకూడదంట? కిరిడీ డప్పు నేదంట, కొమ్ముబూరా నేదంట, థింసా ఆడితే కాళ్ల సప్పుడికి కొండ కూలతాదంట?"

"నాలుగో స్థాయిలో ఉన్నామండి మామ్మగారూ. ఐదో స్థాయికి వెళ్తే ఐదుగురికి మించి గుమిగూడ్డానికి కూడా వీల్లేదు."

"ఐదుగురా? పెల్లికొడుకూ, పెల్లికూతురూ, నానూ, మీయమ్మా... ఇంకోడెవుడు? మీ కుక్కా?"

వెంట వచ్చిన దాలయ్య వెనకనుంచి ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.

మామ్మ చుట్ట పక్కన పెట్టింది. గొంతు మొదటిసారిగా తగ్గింది. "బాబూ, మా వోళ్లల్లో తుడుం నేకుండా ఎల్లిన పిల్ల ఒకత్తే ఉంది. అది నానే. దీని తాత నన్ను సంతలోంచి సెయ్యట్టుకు తీసుకొచ్చీసేడు. పెద్దోళ్లు ఒప్పుకోనేదు. తుడుం మోగనేదు. మంచోడే, నాకేం తక్కువ సెయ్యనేదు. అయితే ఎవురింట్లో పెల్లైనా తుడుం మోగినప్పుడల్లా నా గుండికి ఒక సూదిలాగ తగిలీది. ముసిల్దాన్నయిపోనాను, ఇంకా తగల్తంది. నా మనవరాలికి ఆ సూది వొద్దు. తుడుం మోగితే పిల్లనిస్తాను. మోక్కపోతే నువ్వెంత ఆఫీసరువైనా ఇవ్వను."

సన్యాసినాయుడు సుభద్రకేసి చూశాడు. ఆమె మామ్మకేసి చూస్తోంది. ఆ చూపులో మామ్మ మాట కాదనే ఉద్దేశం అతనికి ఏ మూలా కనబడలేదు. ఇన్నాళ్లూ తాను సంతకం చేసి పంపిన కాగితాలన్నీ తిరిగివచ్చి తన పెళ్లిపందిరికి అడ్డంగా కూచున్నాయని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రమే జిల్లా కేంద్రానికి రాశాడు. తుమ్మెదగెడ్డలో మంచు పరీక్ష జరపదలచామనీ, పరీక్షకు అవసరమైన మంచు సరఫరా చెయ్యాలనీ కోరాడు. వెటకారం చేద్దామనే రాశాడు. వెటకారం పైకి వెళ్లేకొద్దీ విజ్ఞప్తి అయిపోతుందని అతనికి తెలీదు. నాలుగు రోజుల్లో మంజూరైంది. పరీక్షకి స్వయంగా ప్రభంజనరావే వస్తున్నాడు, సరిగ్గా పెళ్లి ముందురోజుకి.

మంచు సముద్రం వైపు నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల అంత ఐసు దొరికేది చేపలరేవులోనే. లారీ పైకొచ్చేసరికి దాని వెనక తుమ్మెదగెడ్డ పిల్లులన్నీ వస్తున్నాయి, పైన కాకులు. సగం ఐసు దారిలోనే కరిగి ఘాట్ రోడ్డంతా నీచువాసన. మిగిలిన ఐసుని కూలీలు తట్టల్లో మోసి, బడివెనక కొండవాలుమీద పరిచారు. పచ్చటి కొండకి తెల్ల తువ్వాలు ఆరేసినట్టుంది. తుమ్మెదగెడ్డలో మొట్టమొదటిసారిగా మంచు ఉంది.

ప్రభంజనరావు ఉన్ని కోటులో, కాళ్లకి మోకాళ్లదాకా బూట్లతో దిగాడు. వాలుని చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"చూశారా నాయుడూ! మంచు లేదన్నారు."

"ఇప్పుడు లారీలో వచ్చిందండి."

"ఎలా వచ్చిందన్నది రవాణా విభాగం చూసుకుంటుంది. ఉన్నదా లేదా అన్నదే మనకు ముఖ్యం."

పార తీసుకుని స్వయంగా తవ్వాడు. పైన మెత్తటి పొర, కింద గట్టి పొర, మధ్యలో మెరుస్తూ మరో పొర ఉంది. అది చేప పొలుసుల పొర. "బలహీనమైన మధ్యపొర! అత్యంత ప్రమాదకరం!" అని ప్రకటించాడు. అంతలో ఇన్నాళ్లూ ఫ్యానుకింద నుంచి కదలని రక్షక జాగిలం ముక్కు పైకెత్తి, ఒక్క గెంతులో గొలుసు తెంపుకుని వాలెక్కింది. ముందుకాళ్లతో గబగబా తవ్వి, ఐసులోంచి మూరెడు వంజరం చేపని నోట కరుచుకుని తెచ్చి ప్రభంజనరావు కాళ్లదగ్గర పెట్టింది. తోక ఊపింది.

జనం చప్పుడు చెయ్యకుండా నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు నేర్చుకున్నారు. ప్రభంజనరావు మాత్రం టోపీ తీశాడు.

"రాసుకోండి. మంచుకింద చిక్కుకున్న ప్రాణి ఒకటి. జాగిలం వెలికితీసినది. అప్పటికే మృతి."

ఒక ప్రాణి మరణించాక స్థాయి ఎరుపులో ఉండడానికి వీల్లేదు. ప్రభంజనరావు అక్కడికక్కడే ఐదో స్థాయి ప్రకటించాడు. నలుపు. సన్యాసినాయుడు నడుం విరిగినవాడిలా బండమీద కూలబడ్డాడు. స్థాయి తగ్గించడానికి తెప్పించిన మంచే ఉన్న కాస్త దారీ మూసేసింది. పెళ్లికి మిగిలింది ఒక్కరాత్రి. చుట్టాలతో బయల్దేరిన వాళ్లమ్మని ఐదుగురికి మించి ఉన్నారని కొండకింద ఘాట్ రోడ్డు గేటు దగ్గరే ఆపేశారు. పైన పందిరి వేసి ఉంది. తుడుం వాయించేవాళ్లు తుడుములు ఒళ్లో పెట్టుకుని, మనిషి పోయిన ఇంటిదగ్గర కూచున్నట్టు కూచున్నారు.

సుభద్ర అప్పటిదాకా ఓ వార నిలబడి అంతా చూస్తోంది. ముందుకొచ్చి ప్రభంజనరావుకి నమస్కారం పెట్టింది.

"ఒక్క మాట అడగొచ్చాండీ? మా దగ్గరికి చీముగడ్డలు వస్తాయి. ఎప్పుడు పగుల్తాదో అని దడుస్తా కూచోం. మేమే ముందు కోసి, చీము తీసేసి, కట్టుకట్టి పంపేస్తాం. మీ మంచుకి అలాటి వైద్యం లేదా అండీ?"

ప్రభంజనరావు ఆమెకేసి పరిశీలనగా చూశాడు. కోటు జేబులోంచి మార్గదర్శకాల పుస్తకం తీశాడు. దాని పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీస్తూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"ఉన్నది! నియంత్రిత విడుదల. 'ఐదవ స్థాయిలో మంచును ముందస్తుగా, పర్యవేక్షణలో, పేలుడు పదార్థములచే గానీ ఇతర తీవ్ర శబ్దములచే గానీ కూల్చివేయవచ్చును.' పేలుడు పదార్థాలకి అనుమతి రావడానికి ఆర్నెల్లు పడుతుంది. ఇతర తీవ్ర శబ్దాలేమిటో..."

"తుడుం ఉందండీ" అంది సుభద్ర.

"ఎన్ని ఉన్నాయి?"

"ఎన్ని గావాల?" అంది వెనకనుంచి సోంబారి మామ్మ. ఆ గొంతుకే వాలుమీంచి ఒక ఐసుముక్క జారింది. ప్రభంజనరావు ఉలిక్కిపడి, ఆనందంగా తలూపాడు.

"ప్రయోగం ఎప్పుడు పెట్టుకుందాం?"

సన్యాసినాయుడు బండమీంచి లేచాడు. పదమూడేళ్ల సర్వీసులో అంత వేగంగా అతను ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. "రేపు పొద్దున తొమ్మిదింటికి సార్. ఆ వేళకి శబ్దం బాగా పలుకుతుంది."

మర్నాడు ప్రభుత్వ ఉత్తర్వు మేరకు పెళ్లి జరిగింది. పందిరి ఊడదీసి వాలు పక్కకి మార్చారు. గేటు తెరిపించి, విజయనగరం చుట్టాలందరినీ 'ప్రయోగ సహాయక సిబ్బంది'గా పైకి పంపారు. నెలలతరబడి నోరుకట్టుకుని ఉన్న ఊరు ఊరంతా వచ్చింది. బళ్లో గంట తెచ్చారు. బస్సు డ్రైవరు బస్సునే తెచ్చి హారన్ మీద చెయ్యివేసి కూచున్నాడు. కోళ్ల ముక్కులకి నారలు విప్పారు. సుభద్ర చేతుల మీదుగా పుట్టిన పిల్లలందరినీ తల్లులు చంకనేసుకుని వచ్చారు. వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు, సంజాయిషీ భయం లేకుండా ఏడుస్తున్నారు.

తుడుం మీద మొదటి దెబ్బ పడగానే సోంబారి మామ్మ చీర కొంగు నడుముకి చుట్టి, ఆడవాళ్ల నడుములు పట్టుకుని వరస ముందుకి వెళ్లి నిలబడింది. థింసా వరస పాములా వంపులు తిరుగుతూ ఐసు మీదికే ఎక్కింది. సరిగ్గా సన్యాసినాయుడు తాళికట్టేవేళకి తుడుములూ కిరిడీలూ కొమ్ములూ హారనూ గంటా పసిపిల్లలూ ఒక్కసారి అందుకున్నారు. అన్ని కాళ్లు తొక్కి, అంత ఎండ కొట్టాక ఐసు మాత్రం ఏం చేస్తుంది? చాపంత చెక్క ఒకటి కొండని వదిలి, జరజరా జారి వచ్చి ప్రభంజనరావు బూట్ల మీద పడింది.

"విడుదలైంది!" అని అరిచాడాయన చిన్నపిల్లాడిలా ఎగురుతూ. ఆయన జీవితంలో అదే మొదటి మంచు చరియ. అక్షింతలు వెయ్యమని ఆయన చేతికిస్తే కొన్ని పెళ్లివాళ్ల మీదా, కొన్ని ఐసుమీదా వేశాడు.

సాయంత్రానికి ప్రమాద స్థాయి ఆకుపచ్చకి దిగింది. మామ్మ అలిసిపోయి అరుగుమీద కూచుని ఏడ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పెళ్లయిన మూడోనాడు సన్యాసినాయుడు ప్రయోగ నివేదిక రాశాడు. ఆఫీసులో తన గురించి తాను పేరు పెట్టి రాసుకునే అలవాటు ఎవరికీ ఉండదు కదా. అందుకని 'దిగువ సంతకందారు, స్థానిక నర్సు శ్రీమతి కిల్లో సుభద్ర మెడలో తాళి కట్టిన క్షణమున ధ్వని గరిష్ఠ స్థాయికి చేరి, మంచు చరియ విజయవంతముగా విడుదలైనది' అని రాసి, కింద సంతకం చేసి, 'విభాగాధికారి' అని ముద్ర వేశాడు. పై ఆఫీసులో దీన్ని శ్రద్ధగా చదివారు. రాష్ట్రంలో మంచు చరియని విజయవంతంగా కూల్చిన ఘటన ఇదొక్కటే. ఇలాంటి విజయాన్ని వదులుకోకూడదని, ప్రతి సంవత్సరం అదే తేదీన అదే పద్ధతిలో ప్రయోగం పునరావృతం చెయ్యాలని శాశ్వత ఉత్తర్వు ఇచ్చారు.

అలా మరుసటి ఏడు మళ్లీ ఐసు లారీ వచ్చింది, మళ్లీ పిల్లులొచ్చాయి, సన్యాసినాయుడు మళ్లీ సుభద్రకి తాళికట్టాడు. ప్రభంజనరావు పక్కన నిలబడి మూడు ముళ్లూ పడ్డాయో లేదో లెక్క చూసుకున్నాడు. సుభద్ర చంకలో మూణ్నెల్ల పిల్ల గరిష్ఠ స్థాయిలో ఏడుస్తోంది. మామ్మ మెళ్లో కూడా ఎవరో బంతిపూల దండ వేశారు.

"మొదటి పెల్లి దానిది" అంది మామ్మ అందరికీ వినబడేలా. "ఈ ఏటిది నాది. మా ఆయన నేకపోయినా, తుడుం నాదే."

ఇలాంటి ముచ్చట ఏడాదికోసారి ప్రభుత్వ ఖర్చుతో జరుగుతుంటే ఎవరికి చేదు? సన్యాసినాయుడికి కొండంటే చిరాకు పోయింది. కిందికి బదిలీ కావాలని పెట్టుకున్న పాత దరఖాస్తు సంగతే మర్చిపోయాడు. దరఖాస్తు మాత్రం అతన్ని మర్చిపోలేదు. మూడో ఏడు మాఘం ముందర ప్రమోషనుతో సహా విజయనగరానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. సొంతూరు, డిప్యూటీ తాసీల్దారు కుర్చీ, ఘాట్ రోడ్డు లేని జీవితం. వాళ్లమ్మ ఫోనులో ఏడ్చినంత పని చేసింది.

అతని స్థానంలో వచ్చినవాడు పాతికేళ్ల కుర్రాడు. పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్నవాడు, ఎర్రగా బుర్రగా ఉన్నాడు, పెళ్లి కాలేదు. ఉత్తర్వులన్నీ ముందే చదువుకుని వచ్చాడు. ఛార్జి తీసుకోవడానికి ఆఫీసుకి వచ్చి, కుక్కకి నమస్కారం పెట్టి, సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. విప్పితే కొత్త పట్టుపంచె.

"ఇదెందుకండీ?" అన్నాడు సన్యాసినాయుడు.

కుర్రాడు సిగ్గుపడ్డాడు. "శాశ్వత ఉత్తర్వులో ఉంది కదండీ. తాళి కట్టవలసినది విభాగాధికారి. పేరేమీ రాయలేదు, హోదాయే ఉంది. నర్సుగారి పేరు మాత్రం స్పష్టంగా ఉంది."

సన్యాసినాయుడు ఉత్తర్వు తెప్పించి చదివాడు. ఉంది. తన రాతే, తన ముద్రే. జాయింట్ డైరెక్టరుకి ఫోను చేస్తే, "పద్ధతిలో మార్పు చేస్తే ఫలితము మారిపోవును నాయుడూ. మీరు వ్యక్తిగతముగా తీసుకోకండి" అన్నాడు.

విషయం ఊళ్లో పాకింది. సాయంత్రానికి సోంబారి మామ్మ సుభద్రని వెంటబెట్టుకుని, ఆమె పిల్లని చంకనేసుకుని ఆఫీసుకే వచ్చి, కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఒలే సుభద్రా, ఈ ఏటి పెల్లికొడుకు ఈడేనా? బాగున్నాడే!"

సుభద్ర నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. "నాదేముంది మామ్మా, ప్రభుత్వం ఎవర్ని పంపితే వాళ్లే" అంది మొగుడికేసి చూస్తూ.

సన్యాసినాయుడు పట్టుపంచె పొట్లం కట్టి కుర్రాడి చేతికిచ్చాడు. కుర్చీలో కూచుని, ప్రమోషను వద్దని దరఖాస్తు రాయడం మొదలుపెట్టాడు. ప్రమోషను వద్దన్నవాడు మళ్లీ దానికోసం అడగడానికి వీల్లేదనీ, ఉన్న కుర్చీలోనే రిటైరవ్వాల్సి ఉంటుందనీ కుర్రాడు నిబంధన గుర్తుచేశాడు. తెలుసన్నాడు సన్యాసినాయుడు. కారణం అన్నచోట కలం ఒక్క క్షణం ఆగింది. అలాంటి చోట ఆఫీసుల్లో అందరూ రాసే మాటే అతనూ రాశాడు, 'కుటుంబ కారణములు' అని. కింద మాత్రం హోదా ముద్ర వెయ్యలేదు. జీవితంలో మొదటిసారిగా తన పేరు పూర్తిగా, పొడి అక్షరాల్లేకుండా రాసుకుని, దాలయ్య చేతికిచ్చి, "ఇవాళే పోస్టు చెయ్యి" అన్నాడు.